చదరంగం గింజల లెక్కలో ఆ ఐదు సున్నాలు ఎక్కడివి?

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం పిల్లల పేజీలో చదరంగం బల్ల మీద వడ్లగింజల లెక్క వేశారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే అరవై నాలుగు గళ్ళకూ కలిపి 18446744073709600000 గింజలవుతాయని అచ్చయింది. పక్కనే వాటి బరువు 368934881474 టన్నులని కూడా వేశారు. పిల్లలు కత్తిరించి దాచుకునే శీర్షిక అది. అందుకే సవరణ కోరుతున్నాను. అసలు సంఖ్య 1,84,46,74,40,73,70,95,51,615. కామాలు తీసేస్తే 18446744073709551615. మొత్తం ఇరవై అంకెలు.

మీరు వేసినదానికీ దీనికీ తేడా 48,385. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే అది కిలో వడ్లు కూడా కాదు, 968 గ్రాములు. వేల కోట్ల టన్నుల రాశిలో కిలోకి తక్కువ తేడాకి ఇంత ఉత్తరమా అని ఎవరైనా అడగొచ్చు. ఈ లెక్క కాటా మీద తూచేది కాదు. కిలోకి తక్కువైన ఆ తేడాతో ఈ సంఖ్యకున్న ముఖ్యమైన గుణాలు పోయాయి. అసలు సంఖ్య బేసి, మీరు వేసినది సరి. అసలు సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యలు నిశ్శేషంగా భాగిస్తాయి. మీరు వేసినదాన్ని 3 కూడా భాగించదు. దాని అంకెలు కూడితే 70, మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అసలుదాని అంకెలు కూడితే 87, మూడుతో సరిగ్గా పోతుంది.

అసలు ఏ లెక్కా చేయకుండానే అది తప్పని తెలుస్తుంది. మొదటి గడిలో ఉన్నది ఒక్క గింజ, అది బేసి. తక్కిన అరవై మూడు గళ్ళలో ఉన్నవన్నీ సరి సంఖ్యలే. ఒక బేసికి ఎన్ని సరి సంఖ్యలు కలిపినా వచ్చేది బేసే, సున్నాతో ముగిసే అవకాశమే లేదు. చివరి అంకె ఎంతో కూడా చెప్పేయొచ్చు. 2ను 2తోనే గుణించుకుంటూ పోతే వచ్చే ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 అని నాలుగేసి చొప్పున తిరుగుతాయి. 64 నాలుగుతో పోతుంది గనక 2 ఘాతం 64 చివర 6 ఉండాలి. గింజల మొత్తం దానికి ఒకటి తక్కువ, కాబట్టి చివర 5.

ఒకటి తక్కువ ఎందుకంటే, ఏ గడిలోనైనా ఉన్న గింజలు దాని ముందున్న గళ్ళన్నిటిలోని గింజల కన్నా సరిగ్గా ఒకటి ఎక్కువ. నాలుగో గడిలో 8 ఉంటే ముందు మూడు గళ్ళలో కలిపి 7. అరవై అయిదో గడి ఉంటే అందులో 2 ఘాతం 64 గింజలుండేవి, దాని ముందున్న అరవై నాలుగు గళ్ళ మొత్తం అంతకు ఒకటి తక్కువ.

ఇక ఆ అయిదు సున్నాల సంగతి. అవి గణితంలోంచి వచ్చినవి కావు, ఎక్సెల్ పట్టికలోంచి వచ్చినవి. ఎక్సెల్ ఏ సంఖ్యనైనా 15 అంకెల దాకానే చూపుతుంది, ఆ పైన సున్నాలు పెడుతుంది. 2 ఘాతం 64 కట్టమంటే పదహారో అంకె దగ్గర సవరించి సరిగ్గా మీరు అచ్చేసిన సంఖ్యే ఇస్తుంది. అసలు సంఖ్యను మనమే ఇరవై అంకెలూ టైపు చేసినా పదిహేను ఉంచుకుని తక్కినవి చెరిపేసి 18446744073709500000 అంటుంది. వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్ట్ 18446744073709552000 అంటుంది. ఈ మూడు తప్పు రూపాలూ చూసినవారికి వెంటనే గుర్తుకొస్తాయి. ఈ యంత్రాలు ఇక్కడ ఒక సంఖ్యలోని అంకెలు దాచడానికి 53 బిట్లే, అంటే 0, 1 పట్టే గళ్ళు 53 మాత్రమే, కేటాయిస్తాయి. మన సంఖ్యను ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే, రాస్తే వరసగా అరవై నాలుగు ఒకట్లు, వాటిలో ఒక్కటీ వదలడానికి లేదు. 53 బిట్లతో ఆ ఎత్తున యంత్రం 2048 చొప్పున అంగలు వేస్తుంది. ఆ అంగల్లో మన సంఖ్యకు దగ్గరగా పడేది 2 ఘాతం 64. అందుకే అక్కడ ఒకటి తీసెయ్యమన్నా సంఖ్య కదలదు. పైథాన్ భాషలో పూర్ణాంకాలకు ఈ హద్దు లేదు, ఇరవై అంకెలూ సరిగ్గా వస్తాయి. కాగితం మీద చేసినా వస్తాయి. పిల్లలకు చెప్పవలసింది అదే.

అరవై నాలుగు సార్లు రెట్టింపు చేయనక్కర్లేదు, ఆరు సార్లు వర్గం చేస్తే చాలు. రెండు వర్గం 4, దాని వర్గం 16, ఆ తర్వాత 256, 65,536, 4,29,49,67,296. ఇవి అయిదు. ఆరోది కాస్త పెద్ద పని. ఆ పదంకెల సంఖ్యను 42949, 67296 అని మధ్యకు విరవండి. మొదటి ముక్క వర్గం 1844616601. రెండు ముక్కల లబ్ధానికి రెట్టింపు 5780591808. రెండో ముక్క వర్గం 4528751616. మొదటిదానికి పది సున్నాలు, రెండోదానికి అయిదు సున్నాలు తగిలించి మూడూ ఒకదాని కింద ఒకటి రాసి కూడండి:

18446166010000000000
578059180800000
4528751616

కుడివైపు ఒకట్ల స్థానాలన్నీ ఒకే గీతలో ఉండేలా రాయాలి. మొత్తం 18446744073709551616. ఒకటి తీసేస్తే మన సంఖ్య. పిల్లలు తప్పేది రెండు చోట్ల. మధ్య ముక్కను రెట్టించడం మరిచిపోతారు, లేదా దానికి అయిదు బదులు నాలుగు సున్నాలు పెడతారు. గళ్ళ కాగితం మీద గడికి ఒక అంకె చొప్పున రాయిస్తే రెండో తప్పు దాదాపు పోతుంది.

వచ్చింది సరైనదో కాదో చూసుకునే దారి కూడా అక్కడే నేర్పాలి. బడిలో నేర్పేది తొమ్మిదులు తీసేసే పద్ధతి, అంటే అంకెలు కూడి తొమ్మిదితో శేషం చూడడం. అది మంచిదేగానీ ఇక్కడ చాలదు. 51ని 15గా తారుమారు చేసినా అంకెల మొత్తం 87గానే ఉంటుంది. 9 బదులు 0 పడినా శేషం మారదు. దానికన్నా గట్టి పరీక్ష 1001తో చేసేది. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టండి: 18, 446, 744, 073, 709, 551, 615. కుడి చివర మొదలుపెట్టి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ రండి. 615లో 551 తీస్తే 64, 709 కలిపితే 773, 73 తీస్తే 700, 744 కలిపితే 1444, 446 తీస్తే 998, 18 కలిపితే 1016. ఇందులో 1001 పోతే 15. ఆ 15 రావాలి.

పదిహేనే ఎందుకు రావాలన్నది అంతకన్నా అందమైన సంగతి. 1001 అంటే 7 × 11 × 13. రెండును వరసగా గుణించుకుంటూ పోతే 7తో శేషాలు మూడు మెట్లకోసారి, 11తో పది మెట్లకోసారి, 13తో పన్నెండు మెట్లకోసారి మళ్ళీ ఒకటికి వస్తాయి. మూడూ కలిసి ఒకటికి వచ్చేది అరవయ్యో మెట్టు దగ్గర. అరవై నాలుగులో అరవై పోతే నాలుగు, 2 ఘాతం 4 అంటే 16, ఒకటి తీస్తే 15. అంత పెద్ద సంఖ్యను 1001తో భాగించగా మిగిలేది మన బల్ల మీద మొదటి నాలుగు గళ్ళ గింజలు! మీరు వేసిన సంఖ్యకు ఇదే పరీక్ష పెడితే 352 వస్తుంది. ఎక్సెల్ టైపు రూపానికి 452, జావాస్క్రిప్ట్ రూపానికి 400. ఒకటి తీయడం మరిచిపోతే 16. ఏదో ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఈ పరీక్ష తప్పకుండా పట్టేస్తుంది. దీనికి దొరకనిది ఒకటుంది. ఒకటి విడిచి ఒకటిగా ఉన్న మూడంకెల ముక్కలు, అంటే 615, 709 లాంటివి, తమ చోట్లు మార్చుకుంటే కలిపేవి కలిపేవిగానే ఉంటాయి, 15 మారదు. దానికి విరుగుడు 17తో పరీక్ష. సంఖ్యను ఎనిమిదేసి అంకెలుగా విడగొడితే 1844, 67440737, 09551615. చివరి ముక్కకు మొదటిది కలిపి మధ్యది తీసేస్తే −57887278 వస్తుంది. అది 17 × 3405134 గనక 17తో నిశ్శేషంగా పోయింది.

కారణాంకాలు ఎలా వచ్చాయో చూపించాలంటే బల్లను మడిచి చూపిస్తే చాలు. ఎగువ ముప్ఫై రెండు గళ్ళలో 4,29,49,67,295 గింజలు. దిగువ సగంలో ప్రతి గడిలోనూ దానికి ఎదురుగా ఎగువ సగంలో ఉన్న గడికి 4,29,49,67,296 రెట్లు. కాబట్టి మొత్తం గింజలు 4294967295 × 4294967297. ఎగువ సగాన్ని అలాగే మడిస్తే 65535 × 65537, మళ్ళీ మడిస్తే 255 × 257, ఆపైన 15 × 17, చివరికి 3 × 5. మడతకొక కారణాంకం రాలింది. మిగిలినది 4294967297 ఒక్కటే.

ఈ సంఖ్యకో చరిత్ర ఉంది. 3, 5, 17, 257, 65537 ప్రధాన సంఖ్యలు గనక ఆ వరసలో తర్వాత వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ ఆ వరసలో ఆరోదైన 4294967297ని 641 భాగిస్తుందని చూపించాడు. 641 × 6700417 వేసి చూడండి, సరిపోతుంది. గుణకారం వేయకుండానే చూసే ఉపాయం కూడా ఉంది, పదో తరగతి పిల్లలకు అందుతుంది. 641 అంటే 5 × 128 + 1. 641 అంటే 625 + 16 కూడా. మొదటిదాని ప్రకారం 5 × 128ని 641తో భాగిస్తే −1 మిగిలినట్టు లెక్క. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 625 × (2 ఘాతం 28), శేషం +1. రెండోదాని ప్రకారం 625 బదులు −16 పెట్టొచ్చు, 16 అంటే 2 ఘాతం 4. అప్పుడు 2 ఘాతం 32 శేషం −1 అని తేలింది. దానికి ఒకటి కలిపితే 641తో సున్నా మిగులుతుంది. ఇంత పెద్ద సంఖ్యను ఒక్క భాగహారమూ లేకుండా విరగ్గొట్టామన్నమాట.

ఇలా ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం కాబట్టి మన సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి, ఒకటితోనూ తనతోనూ కలిపి, సరిగ్గా 128. ఎగువ సగం 4294967295కి ఇంకో గౌరవం కూడా ఉంది. స్కేలు, వృత్తలేఖినితో సమబహుభుజి గీయగల బేసి భుజాల సంఖ్యల్లో ఇప్పటికి తెలిసిన అతి పెద్దది అదే. దాని వెనకున్న సిద్ధాంతం గాస్ 1801లో ప్రచురించాడు.

ఇక బరువు. గింజల సంఖ్యకు చివరి అంకె దాకా కావాలి, అక్కడ మీరు సున్నాలు వేశారు. బరువుకు రెండంకెలు నమ్మితే ఎక్కువ, అక్కడ పన్నెండు వేశారు. గోదావరి జిల్లాల్లో వడ్లు తూచేవారికి ఇది చెప్పనక్కర్లేదు. తాలు తీసేసి వంద గింజల చొప్పున పది పోగులు లెక్కపెట్టి బంగారం తూచే కాటా మీద పెట్టి చూడండి. మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ లాంటి రకానికి వెయ్యి గింజలు 20 గ్రాముల దరిదాపు. సాంబమసూరి సన్నగింజ అయితే 15 గ్రాముల దరిదాపే. ఆ ఒక్క తేడాకే మొత్తం 36,893 కోట్ల టన్నుల నుంచి 27,670 కోట్ల టన్నులకు దిగిపోతుంది. తేమ సంగతి సరేసరి. 17 శాతం తేమతో 20 గ్రాములు తూగిన గింజలు 14 శాతానికి ఆరితే 19.3 గ్రాములు. ఆ మాత్రం ఎండకే మొత్తంలో దాదాపు 1,290 కోట్ల టన్నులు తగ్గుతాయి. కాబట్టి "సుమారు 37 వేల కోట్ల టన్నులు" అంటే సరిపోతుంది. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. నాలుగున్నర శతాబ్దాల పంట అని చెబితే పిల్లలకు అందుతుంది.

అంతకన్నా దగ్గరి కొలతలు మన చుట్టూనే ఉన్నాయి. వెయ్యికి 20 గ్రాముల లెక్కన 75 కిలోల బస్తాకు 37,50,000 గింజలు. ఇరవై రెండో గడి పూర్తయ్యేసరికి 41,94,303 గింజలు, అంటే బస్తా నిండి తొమ్మిది కిలోలు మిగులు. అప్పటికి బల్లలో మూడో వంతు దాటాం, చేతికొచ్చింది ఒక్క బస్తా! సగం బల్ల పూర్తయ్యేసరికి 1,145 బస్తాలు. ఎకరానికి 35 బస్తాల దాళ్వా (రబీ వరి) అనుకుంటే 33 ఎకరాల పంట, ఒక ఊళ్ళో ఇద్దరు ముగ్గురు రైతుల చేలు. పిల్లలు బెదరవలసింది అక్కడి నుంచే. ముప్ఫై మూడో గడి ఒక్కటే మళ్ళీ అంత అడుగుతుంది, ఒక గింజ ఎక్కువగా. బస్తాకు సరిగ్గా 37,50,000 చొప్పున నింపుకుంటూ పోతే చివరికి ఎన్ని గింజలు మిగులుతాయన్నది మంచి ప్రశ్న. ఇరవై అంకెలూ అక్కర్లేదు. ఎనిమిది బస్తాలంటే మూడు కోట్ల గింజలు. మన సంఖ్య చివరి ఏడంకెలు 95,51,615. సంఖ్య మొత్తం మూడుతో పోతుంది గనక మూడు కోట్లతో భాగించినప్పటి శేషం కూడా మూడుతో పోవాలి. చివరి ఏడంకెలు అవే ఉండి, మూడుతో పోయి, మూడు కోట్ల లోపు ఉన్నది 1,95,51,615 ఒక్కటే. అందులో అయిదు బస్తాలు తీసేస్తే 8,01,615 గింజలు మిగులు, దాదాపు 16 కిలోలు. మీరు వేసిన సంఖ్యతో ఈ జవాబు రాదు.

చివరగా, తెలుగు పత్రిక ఈ సంఖ్యను తప్పు వేయకూడదనడానికి నాకున్న పెద్ద కారణం చెబుతాను. గణితాన్ని తెలుగు పద్యాల్లో రాసిన పావులూరి మల్లన పేరుతో తెలుగువారి నోట నిలిచిన చంపకమాలలో ఈ ఇరవై అంకెలూ ఉన్నాయి. అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడే భూతసంఖ్యల్లో అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మొదటి మాట ఒకట్ల స్థానం. శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. విడదీయడంలో తప్పులు జరిగేది సంధుల దగ్గర. "వియన్నగాగ్ని" అనేది మూడు మాటలు, "గగనాబ్ధి" రెండు. సప్త సముద్రాలు గుర్తొచ్చి అబ్ధిని ఏడుగా చదివేవారూ ఉంటారు. అప్పుడు 1001 పరీక్షలో 15 బదులు 18 వస్తుంది. ఇక్కడ సముద్రం నాలుగే. ఛందస్సు కూడా ఒక పరీక్షే. "వేద గిరి"ని "గిరి వేద" అంటే 4, 7 తారుమారవుతాయి. తొమ్మిదులు తీసేసే పద్ధతి దాన్ని పట్టలేదు. పద్యం మాత్రం పట్టేస్తుంది, మూడో గణం భగణం కావలసినచోట సగణం పడి నడక కుంటుతుంది. తర్క బదులు ఆరుకు ఇంకో మాట, రస అని పెడితే యతి చెడుతుంది. అయితే గిరి ఉన్నచోట శశి అంటే గణాలు చెక్కుచెదరవు, 7 పోయి 1 వస్తుంది. అక్కడ 1001 కావాలి.

సవరణ వేసేటప్పుడు రెండు విషయాలు గమనించగలరు. సంఖ్యను మన కామాలతో, 1,84,46,74,40,73,70,95,51,615 అని వేయండి. మాటల్లో చదవాలంటే 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615. శంఖాలు, పద్మాలు వద్దు, ఆ పేర్లకు ఒక్కో జాబితా ఒక్కో విలువ ఇస్తుంది. రెండోది, మీ కాలమ్ వెడల్పుకు సంఖ్య మధ్యలో విరిగితే రెండో వరస వేరే సంఖ్యలా కనిపిస్తుంది. రెండు కాలమ్‌ల వెడల్పున పెట్టెకట్టి, కింద పరీక్ష కోసం మూడేసి అంకెలుగా ఎడం ఇచ్చి ఇలా వేయగలరు:

18 446 744 073 709 551 615

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయుడు,
అమలాపురం